ఎవరూ లేని ఇసుక

పాతదిబ్బలపేట,
నౌపడ దగ్గర,
డిసెంబరు 9.

రాజాంలో ఫొటోలు తీసే ఫిన్నీ బాబుకి,

మైలపిల్లి గున్నమ్మ చెప్పి రాయిస్తున్న ఉత్తరం ఇది. నాకు చదువు రాదు. రాసేది మా ఊరి పోస్టాఫీసు నడిపే పద్మకుమారి. నా మాటల్ని పేపరు భాషలోకి దిద్దుకుంటానంది. దిద్దుకోమన్నాను. తిట్లు మాత్రం అన్నవి అన్నట్టే ఉంచమన్నాను. ఫోన్ చేయొచ్చు కదా అంటారేమో. ఫోన్లో మాట గాలికి పోతుంది. నాకు మా పెద్దల ముందు పెట్టడానికి కాగితం కావాలి.

మొన్న ఆదివారం పేపర్లో మీ ఫొటో వచ్చింది. సగం ఇసుక, సగం ఆకాశం, మధ్యలో గీత గీసినట్టు సముద్రం. ఒక్క పురుగు లేదు. కింద రాసింది పద్మకుమారి చదివి వినిపించింది. 'ఎవరూ లేని ఇసుక. నౌపడ దగ్గర ఒక తీరం. కార్తీకం రెండో శనివారం, ఆదివారం ఇక్కడ ఒక్కడినే గడిపాను. ఇంత నిశ్శబ్దమైన వారాంతం మళ్ళీ ఎప్పుడు దొరుకుతుందా అని ఎదురుచూస్తున్నాను.' ఆ కింద మీ పేరు, రాజాం అని ఊరు. అంతే. పద్మకుమారి రాజాం పోస్టాఫీసుకి ఫోన్ చేసి మీరెవరో ఆరా తీసింది. కాలేజీలో లెక్కలు చెబుతారట. మంచిదే. నా లెక్క కూడా ఒకటి ఉంది, చూడండి.

ఆ ఒడ్డు మాది. మాది ఖాళీగా ఉండే ఒడ్డు కాదు. తెల్లారితే ఆ ఇసుక మీద బోట్లు, వలలు, ఎండబెట్టిన నెత్తళ్ళు, చేపల వేలం పాట దగ్గర ఆడవాళ్ళ కేకలు, కుక్కలు, కాకులు. పక్క మనిషికి మాట వినపడాలంటే భుజం పట్టుకుని లాగాలి. మీరు చూసిన రెండు రోజులూ దాన్ని మేమే ఖాళీ చేశాం. ఎందుకో చెబుతాను.

సోములు నా మరిది. నేను కాపరానికి వచ్చేసరికి వాడు మొలతాడు తప్ప ఒంటి మీద ఏమీ లేకుండా తిరిగే పిల్లాడు. ఊరంతా ఇంజిను బోట్లు కొన్నా వాడు దుంగల తెప్ప వదల్లేదు. ఆ శుక్రవారం తెప్ప వేసుకుని ఒక్కడే వెళ్ళాడు. మధ్యాహ్నానికి తెప్ప బోల్తా పడి తేలుతుంటే మా బోటు వాళ్ళు తాడు కట్టి లాక్కొచ్చారు. సోములు లేడు. పోలీసులు వచ్చారు. బోట్లు వెతికాయి. లేడు.

మనిషి అలా నీళ్ళలో ఉండిపోతే మా ఊళ్ళో ఒక కట్టుబాటు ఉంది. మూడు రోజులు ఇసుక ఖాళీ చేస్తాం. బోట్లు పక్క ఊరికి తోలేస్తాం. సముద్రం వైపు తలుపులు మూసేస్తాం. ఇసుకలోకి దిగే ప్రతి దారిలోనూ చేపల గంప బోర్లిస్తాం. అది దాటి ఎవరూ అడుగు వేయరు. సముద్రానికి సిగ్గు, బాబూ. పదిమంది చూస్తుంటే పట్టుకెళ్ళింది తిరిగివ్వదు. ఎవరూ లేకపోతే తెచ్చి పెట్టి వెళ్ళిపోతుంది. మనిషినైనా సరే, మనిషి వస్తువునైనా సరే. నాలుగో రోజు పొద్దున పెద్దలు దిగి చూస్తారు. ఏదైనా ఉంటే దానికే నిప్పు పెట్టి కర్మ జరిపిస్తారు. బోట్ల వాళ్ళు తెచ్చింది లెక్కలోకి రాదు, సముద్రమే మా ఇసుక మీద పెట్టాలి. ఏమీ పెట్టకపోతే ఆ ఇంటి మీద కోపంగా ఉందని అర్థం. ఆ ఇంటి ఇల్లాలు ఏడాది పాటు ఇసుక మీద కాలు పెట్టకూడదు.

పెద్దలు దిగి చూశారు. ఏమీ లేదన్నారు. సోములు పెళ్ళాం ఈశ్వరిని ఇసుక మీదకి రావద్దన్నారు. ఆమె ఒడ్డున చేపలు కొని టెక్కలిలో అమ్ముకునే మనిషి. బోటు ఆగేది ఇసుక మీద, పాట జరిగేది ఇసుక మీద. కాలు పెట్టొద్దు అంటే కూడు తినొద్దు అన్నట్టే. అది చాలక, ఆ పొద్దున మొగుణ్ణి తిట్టి పంపిందట, అందుకే సముద్రం ఇవ్వలేదట. తిట్టకుండా మొగుణ్ణి వేటకి పంపిన ఆడది మా పేటలో ఒక్కతి ఉంటే చూపించమనండి.

ఇప్పుడు నా తగువు ఏమిటంటే, ఆ మూడు రోజులూ ఇసుక ఖాళీగా లేదు. మీరున్నారు. ఫొటో తీసినవాడు ఫొటోలో లేనంత మాత్రాన ఒడ్డు మీద లేనట్టు కాదు. సముద్రం మిమ్మల్ని చూసి సిగ్గుపడింది. కాబట్టి ఆ లెక్క చెల్లదు, మళ్ళీ మూడు రోజులు ఖాళీ చేయాలి. పెద్దల్ని నేను అడుగుతాను. మీరు చేయాల్సింది ఒక్కటే. ఏ రోజు వచ్చారు, ఎంతసేపున్నారు, ఏమేం చూశారు, అంతా రాసి సంతకం పెట్టి పంపండి.

వేలిముద్ర నాది, దస్తూరి పద్మకుమారిది.

గున్నమ్మ


రాజాం,
డిసెంబరు 17.

గున్నమ్మ గారికి,

నమస్కారాలు. మీ ఉత్తరం అందింది. నాకు ఉత్తరం వచ్చి పదేళ్ళయి ఉంటుంది. స్టాఫ్ రూములో అందరి ముందూ సరదాగా విప్పాను. చదివాక మడిచి జేబులో పెట్టేసుకున్నాను.

సోములు గారి సంగతి తెలిసి చాలా బాధ కలిగింది. ఆ ఒడ్డు వెనక అంత దుఃఖం ఉందని నాకు తెలీదు. మా ఇల్లు రైసు మిల్లు వెనక. వారమంతా మిల్లు మోత, ధాన్యం లారీల హారన్లు, క్లాసుల్లో పిల్లల గోల. సోమవారం నుంచే శనివారం కోసం చూస్తుంటాను. కెమెరా సంచీ వేసుకుని జనం లేని చోటు వెతుక్కుంటూ పోతాను. 'మీకు మనుషులు లేని చోటే దేవుడు కనిపిస్తాడు, ఆదివారం చర్చికి ఎందుకు, ఎడారికి పొండి' అని మా ఆవిడ మెర్సీ ఎగతాళి చేస్తుంది. మీ తీరం చూసినప్పుడు నాకు నిజంగానే ప్రార్థనలో ఉన్నట్టు అనిపించింది. ఇప్పుడు ఆ మాట రాయడానికి చెయ్యి ఆడడం లేదు.

మీరు అడిగినదానికి జవాబు. నేను అక్కడ ఉన్నది కాసేపే. శనివారం సాయంత్రం ఓ గంట. పేపర్లో ఫొటో కింద రాసే మాటల్లో కాస్త అలంకారం ఉంటుంది, వాటిని అక్షరాలా తీసుకోకూడదు. నేను నిలబడింది కూడా ఊరికి దూరంగా, సరుగుడు తోట వైపు. బోర్లించిన గంప నాకు కనిపించలేదు. కనిపించి ఉంటే దిగేవాణ్ణి కాదు.

ఇంకో చిన్న సంగతి ఉంది కానీ అది మీకు పనికొచ్చేది కాదు, వదిలేస్తున్నాను.

పేపర్లో వచ్చిన ఫొటోనే పెద్ద సైజులో వేయించి దీంతో పంపుతున్నాను. ఈశ్వరి గారికి ఇవ్వండి. జ్ఞాపకంగా ఉంటుంది.

గౌరవంతో,
ఫిన్నీ


పాతదిబ్బలపేట,
డిసెంబరు 28.

ఫిన్నీ బాబుకి,

జ్ఞాపకంగా ఉంటుందని పంపారు. మనిషి పోయిన ఇంట్లో గోడకి తగిలించుకోమని ఖాళీ ఇసుక పంపారు. మీది తోలు మందం అని రాయమన్నాను. పద్మకుమారి 'సున్నితత్వం లేదు' అని రాసింది. కొట్టించి తోలు మందం అనే పెట్టించాను.

ఈశ్వరి ఆ ఫొటో ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూసింది. 'ఇందులో ఈయన ఏడున్నాడప్పా' అని నన్ను అడిగింది. 'సరిగ్గా సూడు' అన్నాను. ఇంకా చూస్తోంది.

మీ ఉత్తరం పట్టుకుని మా ఊరిపెద్ద జగన్నాధం దగ్గరకి వెళ్ళాను. వాడు నాకంటే చిన్నవాడే. చెడ్డవాడు కాదు. కట్టుబాటు దగ్గర మాత్రం ఇనపగజం మింగినట్టు కూర్చుంటాడు.

"ఏటి జగన్నాధం, సూడు. మన ఇసక మీద మనిసి నిలబడ్డాడు. సంతకం ఎట్టినాడు. ఆ మూడు దినాలూ సెల్లవు" అన్నాను.

వాడు పద్మకుమారి చేత రెండుసార్లు చదివించుకున్నాడు.

"గున్నొదినా, ఓ గంటేనంట కదా. అదీ తోట కాడంట. తోట మన ఒడ్డు కాదు."

"పేపర్లో రెండు దినాలన్నాడు."

"అదే నానూ అంతన్నాను. పేపర్లో ఓ మాట, కాయితంలో ఓ మాట. ఏది నిజిమో ఆ బాబునే తేల్చుకోమను. నిలకడ నేని మాట మీద ఊరంతా బోట్లు తోలీసి మూడు దినాలు పస్తులుంటాదేటి? రేపు ప్రెతీ ఇంటోళ్ళూ మళ్ళీ సేయమంతారు."

"అయితే ఈశ్వరి పస్తుండొచ్చేటి?"

"నీకు కోపం వస్తాది గానీ, నా సేతిలో ఏటున్నాది వదినా."

ఆ మాట దగ్గర వాడు తప్పు మాట్లాడలేదు. తప్పు మాట మీది. ఒక్కొక్కటీ అడుగుతాను, జవాబు చెప్పండి.

గంట ఉన్నారా, రెండు రోజులున్నారా?

గంప కనిపించలేదన్నారు. సరుగుడు తోట దారిలో గంప బోర్లించింది నేను. నా చేత్తో. మీద ఎర్ర గుడ్డ కట్టి రాయి పెట్టాను. ఆ దారి వెడల్పు మంచం వెడల్పు. గుడ్డివాడు దిగినా కాలికి గంప తగులుతుంది. మీవి ఫొటోలు తీసే కళ్ళు. అవి ఎటు పోయాయి?

మూడోది. 'ఇంకో చిన్న సంగతి' అని రాసి వదిలేశారు. పెద్దదా చిన్నదా చూసుకోవాల్సింది మేము. అదేమిటి?

ఫొటో వెనక్కి పంపుదామనుకున్నాను. ఈశ్వరి ఇవ్వనంది. మాటకి మాట చెల్లించండి.

గున్నమ్మ, వేలిముద్ర.

(ఇక్కడి నుంచి గున్నమ్మ గారు చెప్పింది కాదు, నేను పద్మకుమారిని రాస్తున్నాను. ఆమె తన సంగతి మీకు చెప్పలేదు. ఈశ్వరిని ఆపిన రోజు నుంచి గున్నమ్మ గారు కూడా ఇసుక మీద కాలు పెట్టలేదు. ఆమెను ఎవరూ ఆపలేదు, వేరే ఇల్లు కదా. ఆమె బతుకూ ఆ పాట మీదే. పొద్దున్నే ఇసుక మొదలయ్యే చోట ఇద్దరూ పీటలేసుకుని కూర్చుంటారు. పాట వినపడుతుంది, చేప కనపడదు. ఎవరైనా జాలిపడి గంప తెస్తే, 'మాకేం కాళ్ళు పడిపోలేదు' అని గున్నమ్మ గారు తిట్టి పంపేస్తారు. తెలిసింది ఏదైనా ఉంటే దయచేసి రాయండి.)


పాతదిబ్బలపేట,
ఫిబ్రవరి 3.
(కార్డు)

ఫిన్నీ బాబుకి, జవాబు లేదు. ఉత్తరం మీకు చేరిందని పద్మకుమారి రాజాంలో కనుక్కుంది. కాబట్టి చేరలేదని చెప్పడానికి లేదు. ఈశ్వరి ఈ మధ్య పీట మీద కూడా కూర్చోవడం లేదు. లేచి నిలబడుతుంది, ఇసుక అంచు దాకా వెళ్తుంది, వెనక్కి వస్తుంది. మళ్ళీ వెళ్తుంది. కాలు కాలిన పిల్లిలా తిరిగేది ఒకప్పుడు నేను. ఇప్పుడు ఆమెను చూస్తూ నేను కూర్చుంటున్నాను. ఇది కార్డు. దారిలో ఎవరైనా చదువుకోవచ్చు. చదువుకోవాలనే కార్డు రాయించాను. గున్నమ్మ.


రాజాం,
ఫిబ్రవరి 16.

గున్నమ్మ గారికి,

కార్డు మా కాలేజీ అటెండరు చదివాడు. తర్వాత మెర్సీ చదివింది. ఆ తర్వాత మీ పాత ఉత్తరాలు రెండూ తీసి చదివింది. 'ఆ పెద్దావిడ అడిగింది మూడు ప్రశ్నలు. లెక్కల మాస్టారు కదా, ఒక్కదానికైనా సరైన జవాబు రాశారా' అంది. ఉత్తరాలు నా ముందు పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

రెండు నెలలుగా నాకు కుదురు లేదు. శనివారం వస్తే కెమెరా సంచీ వేసుకుని బయల్దేరుతున్నాను. ఒకసారి కళింగపట్నం దాకా పోయాను, ఒకసారి చింతపల్లి ఒడ్డుకి. సంచీ విప్పకుండా వెనక్కి వచ్చేశాను. ఖాళీగా ఉన్న ఇసుక చూస్తే, ఇక్కడి నుంచి ఎవరేం తీసేశారో అనిపిస్తోంది.

మీ ప్రశ్నలకు జవాబులు. ఈసారి కొట్టివేతలు లేకుండా రాస్తాను.

రెండు రోజులూ ఉన్నాను. శనివారం పొద్దున వచ్చాను. రాత్రికి టెక్కలి లాడ్జిలో పడుకుని ఆదివారం తెల్లారగానే మళ్ళీ వచ్చాను. మధ్యాహ్నం దాకా ఉన్నాను. నిలబడింది తోటలో కాదు. ఇసుక మధ్యలో, నీళ్ళ అంచున.

గంప చూశాను. ఎర్ర గుడ్డ, మీద రాయి. ఎవరో మరిచిపోయిన గంప అనుకున్నానని రాస్తే మీరు నమ్మవచ్చు. కానీ అది నిజం కాదు. ఎవరో రావద్దని పెట్టారని నాకు అర్థమైంది. రావద్దన్నారంటే లోపల ఎవరూ ఉండరు, ఇంకా నిశ్శబ్దంగా ఉంటుంది అనుకున్నాను. అందుకే దాటాను. రెండో రోజు కూడా దాటాను.

మూడోది, నేను చిన్న సంగతి అన్నది.

ఆదివారం పొద్దున నీరు వెనక్కి తీసింది. తడి ఇసుక మధ్యలో ఒక తెడ్డు ఉంది. ముందు రోజు అది అక్కడ లేదు. పాత తెడ్డు. కింద వెడల్పు బల్ల దగ్గర పగిలితే నూనె డబ్బా రేకు చుట్టి మేకులు కొట్టారు. రేకు మీద ఏనుగు బొమ్మ. కానీ వెనక సగమే ఉంది, రెండు కాళ్ళూ తోకా. ఎండ పడి అది మెరుస్తోంది. ఒక ఫొటో తీశాను. నచ్చలేదు. నాకు ఏమీ లేని ఇసుక కావాలి. తెడ్డు ఎత్తుకెళ్ళి సరుగుడు చెట్ల మధ్య పడేశాను. అది పడి ఉన్న చోట ఇసుకలో దాని అచ్చు మిగిలింది. అల వచ్చి ఆ అచ్చు చెరిపేదాకా కూర్చున్నాను. ఆ తర్వాత తీసిందే పేపర్లో వచ్చింది.

మీ మొదటి ఉత్తరంలో 'మనిషి వస్తువునైనా సరే' అన్న మాట చదవగానే నాకు తెలిసిపోయింది. తెలిసే గంట అని రాశాను. ముందు సిగ్గుపడ్డాను. తర్వాత, ఎలాగూ ఆలస్యమైంది కదా అని ఊరుకున్నాను. ఇంకే కారణమూ లేదు.

నిన్న తోటకి వెళ్ళాను. తెడ్డు తెచ్చి మీ చేతుల్లో పెట్టి అప్పుడు ఈ ఉత్తరం ఇద్దామనుకున్నాను. తోట నరికేశారు. మొద్దులు, మట్టిలో లారీ చక్రాల జాడలు తప్ప ఏమీ లేదు. అక్కడి కూలీలను అడిగాను. కట్టెలతో పాటు ఏదైనా లారీ ఎక్కేసి ఉంటుందన్నారు. ఊళ్ళోకి రావడానికి ధైర్యం చాలక అటునుంచి అటే వచ్చేశాను.

తెడ్డు ఉన్న ఆ మొదటి ఫొటో నా దగ్గర ఉండిపోయింది. పెద్దది చేయించి పంపుతున్నాను. దానికి విలువ ఉందో లేదో మీరే చెప్పాలి. మీ పెద్దల ముందు ఈ ఉత్తరం చదవండి. సంతకం కింద పూర్తి పేరూ, కాలేజీ చిరునామా రాశాను.

క్షమించమని అడిగే హక్కు నాకు లేదు.

కొప్పల ఫిన్నీ


పాతదిబ్బలపేట,
మార్చి 5.

ఫిన్నీ బాబుకి,

మీ ఉత్తరం వచ్చిన రోజు పద్మకుమారి పెన్ను పట్టుకుని నా ఎదురుగా కూర్చుంది. కాగితం నిండా మిమ్మల్ని తిట్టించాను. వెనక పక్కా తిట్టించాను. తర్వాత చింపించాను. ఆ తిట్లు మీకు రావాల్సినవే, కానీ ఆ రోజు నాకు వేరే పని పడింది.

తెడ్డు ఎలా ఉంటుందో నేను మీకు ఒక్క ముక్క చెప్పలేదు. రేకు సంగతి చెప్పలేదు. ఏనుగు సంగతి చెప్పలేదు. మీ అంతట మీరే రాశారు. పద్మకుమారి 'వెనక సగమే' అని చదివేసరికి ఈశ్వరి లోపల చేస్తున్న పని ఆపింది. ముందు సగం ఎక్కడుందో తెలుసా? మా ఇంట్లో కోళ్ళ గూటికి తలుపు. ఒక డబ్బా రేకునే సోములూ నేనూ పంచుకున్నాం. 'నీకు తొండం, నాకు తోక, వదినా. నాను ఎటెల్లినా నీ ఏనుగు ఎనకాలే వస్తాను' అనేవాడు. నోటికి ఏదొస్తే అది అనేవాడు.

ఫొటో పట్టుకుని ఇద్దరం జగన్నాధం అరుగు దగ్గరకి వెళ్ళాం. జనం మూగారు. పద్మకుమారి ఉత్తరం మొత్తం చదివింది. గంప దాటిన చోట ఆడవాళ్ళు మిమ్మల్ని తిట్టారు.

"ఇప్పుడు సెప్పు జగన్నాధం. సముద్రం ఇచ్చినాదా, నేదా?"

"ఇచ్చినట్టే కనబడతన్నాది. కానీ వదినా, నాలుగో దినం మేం దిగితే నేదు కదా."

"సముద్రం ఎట్టినాది. ఆ మేస్టారు తీసీసినాడు. ఎట్టినోళ్ళ తప్పేటి, ఈశ్వరి తప్పేటి?"

"తప్పు నేదు. నానూ అదే అంతన్నాను. మరి కర్మ దేనికి సేస్తాం? తెడ్డు నేదు. నిప్పు దేనికెడతాం?"

వాడు అడిగింది న్యాయమే. కట్టుబాటులో నిప్పు పెట్టడం ఉంది. ఈశ్వరి ఎవరినీ అడగకుండా ముందుకొచ్చి ఫొటో జగన్నాధం చేతిలో పెట్టింది.

"దీనికెట్టండి మావా" అంది.

"ఇది బొమ్మ కదమ్మా."

"బొమ్మే. ఒక్కసారి సూడండి."

జగన్నాధానికి చూపు ఆనదు. ఫొటోని ముక్కు దాకా తెచ్చుకుని చూశాడు. ఎంతసేపు చూశాడో చెప్పలేను. గోరుతో ఒక చోట తడిమాడు. అక్కడ ఒక మేకు వంకరపోయి ఉంది.

"ఈ మేకు నానే ఇచ్చినాను" అన్నాడు. "వంకర మేకు ఇచ్చినావేటి అన్నా అని నన్ను ఊరంతా ఏడిపించినాడు, ఎదవ." అని, చేతిలో ఫొటోతో అలాగే లేచి లోపలికి వెళ్ళిపోయాడు. మేం బయట నిలబడ్డాం. కాసేపటికి మొహం కడుక్కుని వచ్చాడు. "గంపలు తీయండి" అన్నాడు. గంపలు అప్పుడెప్పుడో తీసేశాం. ఎవరూ నవ్వలేదు.

సోములు లుంగీ ఒకటి ఈశ్వరి దాచింది. ఫొటో అందులో చుట్టి, సరుగుడు పుల్లలు పేర్చి, ఇసుక మీద నిప్పు పెట్టాం. కాగితమే కదా, ఇట్టే అయిపోతుందనుకున్నాను. అవలేదు. దళసరి కాగితం, నిదానంగా కాలింది. బూడిద కెరటంలో కలిపాం. మనిషికి చేసినట్టే అన్నీ చేశాం. సోములుకి ఇప్పుడు దినం ఉంది. పేరు పెట్టి తలుచుకోవచ్చు.

ఈశ్వరి ఇసుక మీద కాలు పెట్టేసరికి మిట్టమధ్యాహ్నం అయింది. చెప్పుల్లేవు. ఇసుక చుర్రుమంది. 'నీ యమ్మ ఇసకా' అని ఒక్క గెంతు గెంతి నీళ్ళ దాకా పరుగెత్తింది. కర్మ చేసే చోట అలాంటి మాట అనకూడదు. జగన్నాధం విననట్టు అటు తిరిగాడు. నేను ఆమె వెనకాలే దిగాను. నాకూ చెప్పుల్లేవు. కాలింది.

మళ్ళీ మూడు రోజులు ఖాళీ చేయమని నేను అడగలేదు. ఎందుకని పద్మకుమారి అడిగింది. ఇక ఏం ఇవ్వాలి సముద్రం? ఇవ్వాల్సింది అప్పుడే ఇచ్చేసింది. సిగ్గుపడిందనుకుని నేను దాని మీద మోపిన నింద కూడా తప్పే. మీరు చూస్తూ ఉండగానే తెచ్చి పెట్టింది.

ఇప్పుడు మీ సంగతి. ఆ తెడ్డు ఫొటో మీ యంత్రంలో ఇంకా ఉంటే తీసేయండి. మనిషిని కాల్చాక మళ్ళీ ఇంట్లో ఉంచుకోకూడదు. మీరు మొదట పంపిన ఖాళీ ఇసుక మాత్రం ఈశ్వరి గంప అడుగున పరుచుకుంది. నీళ్ళు కారడం లేదట. మంచి కాగితం అంటోంది.

క్షమించడం గురించి ఏదో రాశారు. అది నాకు తెలీదు, ఈశ్వరినే అడగండి. ఆమె నాతో ఒక్క మాటే చెప్పింది. సముద్రం తెడ్డు ఎక్కడ పెట్టిందో ఇసుక మీద ఆ చోటు చూపించమంటోంది. ఏడవడానికి కాదు. పాటకి వెళ్ళినప్పుడు రోజూ తన గంప అక్కడే దింపుకుంటుందట. ఆ చోటు తెలిసినవాళ్ళు ఈ భూమ్మీద మీరొక్కరే.

కాబట్టి ఈ శనివారం రండి. మెర్సీ గారిని తీసుకురండి. ఊరి దారిలోంచి రండి, నరికేసిన తోట వైపు నుంచి కాదు. పొద్దున్నే రండి, బోట్లు దిగే వేళకి. ముందే చెబుతున్నాను, నిశ్శబ్దం దొరకదు. ఈశ్వరి నాలుగు నెలల అరుపు దాచుకుంది, వారం నుంచి ఆ ఇసుక మీదే బయటికి తీస్తోంది. చోటు చూపించేటప్పుడు మీరూ కాస్త గట్టిగా మాట్లాడాలి.

మొదటి వేలిముద్ర నాది. పక్కన చేప పొలుసు అంటుకున్నది ఈశ్వరిది.

గున్నమ్మ